నాలుగు బిళ్లల పెట్టె

బెరెకుమ్ సంతవీధిలో మందుల షాపులు ఐదున్నాయి. రెండింటికి ఏసీలు కూడా ఉన్నాయి. అయినా ఆ వీధిలో ఎవర్నడిగినా షాపు పేరు చెప్పరు, "ఫ్రెమా దగ్గరికెళ్లు" అంటారు. ఫ్రెమా షాపు యజమాని కాదు. యజమాని చదువుకున్న ఫార్మసిస్టు, లోపలి గదిలో కూర్చుని చీటీలు చూసి పంపిస్తాడు, మనిషికి మాటలు తక్కువ. కౌంటర్ మాత్రం ఫ్రెమాదే. ఇరవై నాలుగేళ్లుగా దాని వెనక ఆమె తప్ప ఇంకెవరూ నిలదొక్కుకోలేదు.

అంతకు ముందు ఆమె లారీ స్టేషన్లో నారింజలు అమ్మేది. తొక్క ఎక్కడా తెగకుండా ఒకే చుట్టుగా తీసి, పైభాగం మూతలా కోసి చేతికిచ్చేది. ఆ చేతి నేర్పు చూసే యజమాని షాపు ఊడవడానికి పెట్టుకున్నాడు. ఆరు నెలల్లో పెట్టెల మీద పేర్లు చదవడం పట్టేసింది. రెండేళ్లలో డాక్టర్ల రాత చదవడం కూడా పట్టేసింది, అది యజమానికే పూర్తిగా రాని విద్య. భర్త సరిహద్దు దాటి అబిజాన్ వెళ్లి అక్కడే ఇంకో సంసారం పెట్టుకున్నాడు. ఇద్దరు కూతుళ్లని ఈ కౌంటర్ మీద నిలబడే చదివించింది, పెద్దది డోర్మాలో టీచరు. భర్త సంగతి ఎవరైనా జాలిగా ఎత్తితే, "నీకు తలనొప్పి బిళ్ల కావాలా, ఇంకేమన్నా కావాలా?" అని అడుగుతుంది. అడిగిన వాళ్లు బిళ్ల కొనుక్కుని వెళ్తారు.

ఆమె పనిముట్టు ఒక కత్తెర. మా ఊళ్లో నెలకు సరిపడా మందు ఒకేసారి కొనేవాళ్లు తక్కువ. రెండు, నాలుగు, ఆరు, అలా కొంటారు. అంచేత షీటు కత్తిరించాలి. కత్తిరించడం ఎవరైనా చేస్తారు. కానీ మందు పేరూ గడువు తేదీ షీటుకి ఒక చివరే అచ్చువేసి ఉంటాయి. బుర్రలేనివాడు ముందు ఆ చివరే కోసి ఇచ్చేస్తాడు, ఇక మిగిలిన ముక్క ఏ మందో, ఎప్పటిదో దేవుడికే తెలియాలి. ఫ్రెమా ఎప్పుడూ రెండో చివర నుంచి మొదలుపెడుతుంది, పేరున్న ముక్క అన్నిటికంటే ఆఖరున షాపు దాటుతుంది. కొత్తగా చేరిన అమ్మాయి ఒకసారి పేరు వైపు నుంచి కోసిందని ఆ రోజు సాయంత్రం దాకా ఆమెతో మాట్లాడలేదు.

కత్తెర సంగతి సరే, ఆమె నోటి సంగతి ఇంకా గట్టిది. ఎవరు ఏ జబ్బుకి ఏం కొన్నారో, ఎన్ని కొన్నారో ఆ నోట్లోంచి రాదు. పాస్టరు భార్య ఏం కొంటుందో ఆమెకి తెలుసు, పాస్టరు ఏం కొంటాడో కూడా తెలుసు, ఆ రెండు సంగతులూ ఆమె లోపల పక్కపక్కనే పడి ఉంటాయి. అందుకే జనం ఏసీ షాపులు దాటుకుని చెమటలు కక్కుతూ ఇక్కడికొస్తారు.

ఇక వోఫా దమోవా గురించి చెప్పాలి. వోఫా అంటే మేనమామ. ఆయన ఎవరికి మేనమామ అంటే చెప్పడం కష్టం గాని, సగం ఊరు ఆయన్ని అలాగే పిలుస్తుంది. డెబ్బై నాలుగేళ్లు. ఒకప్పుడు కలప లారీ నడిపాడు. ఇప్పుడు తమ ఇంటి వంశానికి పెద్ద. శనివారం ఎవరి చావు కార్యమైనా ఎర్ర గుడ్డ ఎడమ భుజం మీద వేసుకుని ముందు వరసలో కూర్చోవాల్సిన మనిషి. ఆయనకి బీపీ ఉందని తేలినప్పుడు డాక్టర్ బయటి దేశం బిళ్ల రాశాడు. నిగనిగలాడే నీలం పెట్టె, మీద వెండి గీత. వోఫా ఆ పెట్టెని హాల్లో రేడియో పక్కన పెట్టాడు. వచ్చినవాళ్లు చూశారు. ఆయన చూడనిచ్చాడు.

తర్వాత రెండేళ్లలో ఆ బిళ్ల ధర మూడింతలైంది. మన దేశంలోనే తయారయ్యే బిళ్ల కూడా ఉంది, అదే మందు, తెల్ల పెట్టె, ధర ఆరో వంతు. ఫ్రెమా చెప్పింది. ఆయన వినలేదు.

"అది తేలిక మందు ఫ్రెమా. నీళ్లు కలిపిన సూపు తాగినట్టుంటుంది. బయటిది ఒక్కటి మింగితే మూడ్రోజులు పనిచేస్తది, నాకు తెలుస్తది కదా."

"మూడ్రోజులు పనిచేస్తదని పెట్టె మీద రాశారా వోఫా?"

"నా ఒంటి మీద రాసుంది. నాలుగు ఇయ్యి."

ఆమె నాలుగు కోసి కాగితం కవర్లో వేయబోయింది. ఆయన కవరు వంక చూసి కదల్లేదు. బయట సంత నిండా జనం. నాలుగు బిళ్లల కవరు చేత్తో పట్టుకుని, దమోవా వంశపు పెద్ద ఆ జనంలోంచి నడిచి వెళ్లాలి. ఫ్రెమాకి అర్థమైంది. కౌంటర్ కింద నుంచి ఒక ఖాళీ నీలం పెట్టె తీసి, నాలుగు బిళ్లలూ అందులో వేసి, మూత సర్ది, రెండు చేతుల్తో ఇచ్చింది. వోఫా ఆ పెట్టెని జేబులో పెట్టుకోలేదు. చేత్తో పట్టుకుని, అందరికీ కనిపించేలా, తీరుబడిగా నడిచి వెళ్లాడు.

ఆ రోజు ఫ్రెమా తన తెలివికి తానే మురిసిపోయింది. నాలుగు బిళ్లలమ్మినా మనిషి పరువు మొత్తంగా ఇంటికి పంపించాను కదా అనుకుంది. ఇలాంటివి ఎవరూ చెప్పకుండానే పాకుతాయి. ఏడాది తిరక్కుండానే టైలరు కొంఫో వచ్చి, "మామె, ఆ పెట్టెలో వేసివ్వవా" అన్నాడు, మామె అంటే అమ్మ. తర్వాత వెల్లుల్లి అమ్మే ముసలమ్మ. తర్వాత బడి హెడ్మాస్టరు. కౌంటర్ కింద ఖాళీ నీలం పెట్టెలకి ఒక సంచి పెట్టింది ఫ్రెమా.

మూడేళ్లు అలా గడిచాక వైద్య విద్యార్థులు వచ్చారు. ఏటా ఎవరో నలుగురు వస్తారు, ఏడు వారాలు జిల్లా ఆసుపత్రి వెనక అతిథి గదుల్లో ఉంటారు, ఇల్లిల్లూ తిరిగి కాగితాలు నింపుకుని పోతారు. ఈసారి వచ్చినవాళ్లలో ఎసినామ్ అనే అమ్మాయి మందుల షాపుకొచ్చింది. హో అనే ఊరి వైపు పిల్ల, వైద్యంలో నాలుగో ఏడు. పొట్టి జుట్టు, చురుకు చూపు, ఎడమచేత్తో రాస్తుంది. మా భాష తడుముకోకుండా మాట్లాడుతుంది గాని మర్యాదలు మాత్రం పుస్తకంలో చదివి సగంలో వదిలేసినట్టుంటాయి.

"ఆంటీ, బీపీ బిళ్లల ధరలు కావాలి. మా ఫార్మకాలజీ పరిశోధనకి. బయటిది ఎంత, ఇక్కడిది ఎంత?"

ఫ్రెమా చెప్పింది.

"ఏది ఎక్కువ పోతుంది?"

"ఇక్కడిది పెట్టెలకి పెట్టెలు మిగిలిపోతయ్. బయటిది పోతది, కాకపోతే..." అని ఆగింది ఫ్రెమా. పక్కన హెడ్మాస్టరు నిలబడి ఉన్నాడు.

"నేను అనుకున్నదే." ఎసినామ్ కాగితం మీద టిక్కు పెట్టింది. "నలభై ఇళ్లు తిరిగాను ఆంటీ. ముప్పై ఒక్క ఇంట్లో బయటి పెట్టే ఉంది, నా కళ్లతో చూశాను. రోజూ వేసుకుంటారా అంటే అందరూ వేసుకుంటామన్నారు. ధర కష్టంగా ఉందా అంటే ఒక్కరు కూడా అవునన్లేదు. రోగులకి పెట్టె ముఖ్యం, ధర కాదు. మా ప్రొఫెసర్‌కి ఫోన్లో చెప్పాను, ఆయనకి బాగా నచ్చింది."

హెడ్మాస్టరు గోడ మీద దోమల మందు ప్రకటన శ్రద్ధగా చదువుతున్నాడు.

"నీకీ పని ఇష్టమేనా అమ్మాయ్?" అని అడిగింది ఫ్రెమా.

"ఇదా?" అని నవ్వింది ఎసినామ్. "నేను సర్జన్ అవుతాను. ఇది పాసవ్వాలి కాబట్టి చేస్తున్నా. మా వాళ్లందరికీ అంతే. బిళ్లల లెక్కలు ఎవరికి కావాలి చెప్పండి." వెళ్లబోతూ ఒక చీటీ తీసి కౌంటర్ మీద పెట్టింది. "ఇవి మీ దగ్గర ఉన్నాయా? ఆసుపత్రిలో అయిపోయాయట. దమోవా అనే పెద్దాయనకి. అంత ఖరీదైన మందు రోజూ వేసుకుంటున్నా బీపీ నూట తొంభై ఉంది. ఆ మందు ఆయనకి చాలటంలేదని డాక్టర్ మోతాదు రెట్టింపు చేసి, ఇంకోటి కలిపాడు. మా పరిశోధన తరఫున ఉచితం. సోమవారం నుంచి రోజూ పొద్దున్నే నేను వెళ్లి దగ్గరుండి మింగిస్తాను."

ఫ్రెమా ఆ చీటీ రెండోసారి చదివింది. మూడ్రోజులకొక బిళ్ల వేసుకునే ఒళ్లది. ఆ ఒంట్లోకి రోజూ రెట్టింపు మోతాదు, పైన ఇంకో మందు. ఆ పిల్ల దగ్గరుండి మరీ మింగిస్తుంది. వారం తిరక్కుండా ఆ డెబ్బై నాలుగేళ్ల మనిషి స్నానాల గది గడప మీద కళ్లు తిరిగి పడతాడు. నూట తొంభై చూసి డాక్టర్ సరిగ్గానే లెక్క వేశాడు. ఆ లెక్క కింద ఉన్న అబద్ధం మాత్రం తన కౌంటర్ కింద సంచిలోంచి వెళ్లింది.

"సోమవారానికి తెప్పిస్తా," అంది ఫ్రెమా. అది శుక్రవారం.

శనివారం చావు కార్యం ఉంది, వోఫా ముందు వరసలో ఉంటాడు, అక్కడ మాట్లాడ్డానికి లేదు. ఆదివారం చర్చి అయ్యాక ఫ్రెమా తెల్ల గౌను మార్చకుండానే తిన్నగా ఆయన ఇంటికి వెళ్లింది. కూర్చుంది. మంచినీళ్లిచ్చారు, తాగింది. ఇక్కడంతా చల్లగానే ఉంది, నువ్వొచ్చిన పని చెప్పమని ఆనవాయితీ ప్రకారం అడిగాడు వోఫా. చెప్పింది. రేడియో పక్కన నీలం పెట్టె ఎప్పట్లానే నిలబడి ఉంది.

వోఫా ఆ పెట్టె వంక చూశాడు. తర్వాత, "ఆ పిల్లకి చెప్పేశావా?" అన్నాడు.

"చెప్పి ఉంటే ఇక్కడికెందుకొస్తాను?"

"చెప్పకు. ఇచ్చినవన్నీ మింగుతాను. కలప లారీ మూడుసార్లు బోల్తా కొడితే లేచొచ్చినవాణ్ణి, బిళ్లలకి పోతానా?"

"లారీ బోల్తా కొడితే నలుగురొచ్చి లేపారు వోఫా. స్నానాల గదిలో ఎవరు లేపుతారు?"

"నోరు అదుపులో పెట్టుకో."

"ఇరవై నాలుగేళ్లు అదుపులోనే పెట్టుకున్నా. దానివల్లే వచ్చింది ఇదంతా."

ఆయన చేతికర్ర నేల మీద కొట్టాడు. "దమోవా రోజుకొక బిళ్ల కొనుక్కోలేక చిన్నపిల్లతో అబద్ధం చెప్పాడని ఊళ్లో అనుకుంటే నేను ఏ మొహం పెట్టుకుని జనంలో కూర్చోవాలి? నా పేరు ఎత్తనని మాటివ్వు."

ఇచ్చింది. ఇవ్వకపోతే ఆయన ఆమెను గడప దాటనిచ్చేవాడు కాదు. ఆమెకి నిజంగానే ఏడుపొచ్చింది, కానీ వీధిలోకొచ్చాక ఏడుపు కోపంగా మారింది, కోపం చల్లారాక బుర్ర పనిచేసింది. పేరు ఎత్తనని మాటిచ్చింది. ఆయన పేరు. తన పేరు ఎత్తొద్దని ఎవరూ అనలేదు కదా.

ఆదివారం కాబట్టి షాపు మూసి ఉంది. తాళం తీసి, కౌంటర్ కింద సంచి భుజాన వేసుకుని ఆసుపత్రి వెనక అతిథి గదులకి వెళ్లింది. ఎసినామ్ వరండాలో కూర్చుని వాచే తింటోంది, అన్నం, బొబ్బర్లు, పక్కన ఉడికిన గుడ్డు. ఫ్రెమా ఆమె ముందు సంచి బోర్లించింది. నీలం పెట్టెలు సిమెంటు గచ్చంతా పరుచుకున్నాయి.

"ఏంటి ఆంటీ ఇది?"

"నువ్వు కళ్లతో చూసిన పెట్టెలు. ఇవి నా దగ్గర మిగిలినవి. మిగతావి నేనే ఇచ్చాను."

మొదలుపెట్టి మొత్తం చెప్పింది. నాలుగు బిళ్లలు కోసి పెట్టెలో వేసివ్వడం తన ఆలోచనేనని, దానికి మురిసిపోయానని కూడా చెప్పింది. "నీ ముప్పై ఒక్క ఇళ్లలో ఎన్నిటికి ఇచ్చానో చెప్పను. పేర్లు అసలే చెప్పను. నీ కాగితం మాత్రం తప్పు. జనం అబద్ధం ఆడారు, వాళ్లతో ఆడించింది నేను."

ఎసినామ్ చెంచా కింద పెట్టింది. ముందు ఆమెకి వచ్చింది కోపమే. "పది రోజుల్లో మొదటి కాగితం ఇవ్వాలి ఆంటీ. నలభై ఇళ్లు ఎండలో తిరిగాను. ఇప్పుడొచ్చి అంతా అబద్ధమంటే నేనేం చెయ్యాలి?"

"మళ్లీ తిరగాలి."

"రోగులే అబద్ధం చెప్తే తప్పు నాదెలా అవుతుంది?"

"నువ్వు గుమ్మంలో నిలబడి, నీళ్లు తాగకుండా, ఎడమచేత్తో కాగితం చాపి, 'మందు కొనుక్కోవడానికి డబ్బుందా' అని అడిగావట. నన్నడిగినా ఉందనే చెప్తాను. ఇంట్లో తినడానికి కెంకీ ముక్క లేకపోయినా ఉందంటాను."

ఎసినామ్ ఒక పెట్టె తీసి అటూ ఇటూ తిప్పింది. పెట్టె చూస్తుండగానే ఆమె మొహం మారింది. అంత చురుకైన పిల్లకి రెండో సంగతి తట్టడానికి ఎంతసేపు పడుతుంది? "దమోవా గారు," అంది. "ఆయన కూడానా?"

"పేర్లు చెప్పనన్నాను."

"ఆంటీ, రేపు పొద్దున నేను ఆయనతో ఏం మింగిస్తున్నానో మీకు తెలుసా? అవునో కాదో ఒక్క మాట చెప్పండి చాలు."

"నేను చెప్పే మనిషినైతే ఈ ఊళ్లో నా దగ్గర ఎవరూ మందు కొనరు. నువ్వు ఆయన్నే అడుగు. ఎలా అడగాలో నేను నేర్పిస్తా." ఫ్రెమా పెట్టెలు సంచిలోకి ఎత్తుతూ అంది, "సర్జన్ అవుతానన్నావుగా. కోసే ముందు ఎక్కడ కొయ్యాలో తెలియాలి. నాకు కత్తెర పని తెలుసు, అందుకే చెప్తున్నా."

సోమవారం పొద్దున ఇద్దరూ వోఫా ఇంటికి వెళ్లారు. ఫ్రెమాని చూడగానే ఆయన కనుబొమలు ముడిపడ్డాయి. ఎసినామ్ కూర్చుంది. నీళ్లు కుడిచేత్తో అందుకుని తాగింది. కాగితం, కలం సంచిలోనే ఉంచింది, బిళ్లలు కూడా బయటికి తీయలేదు. వచ్చిన పనేంటని అడిగినప్పుడు తాను జవాబివ్వలేదు, ఫ్రెమా వైపు తిరిగింది. పెద్దల ముందు కష్టమైన మాట తిన్నగా చెప్పరు, మధ్యలో ఒకరుంటారు. ఆ మధ్య మనిషి పని ఆ పొద్దున ఫ్రెమా చేసింది.

"వోఫా, ఈ అమ్మాయి మీ గురించి అడగడానికి రాలేదు," అంది ఫ్రెమా. "మీరు ఈ పేటకి పెద్ద. పేటలో జనం బీపీ బిళ్లలు ఎలా కొంటున్నారో, ఎలా వేసుకుంటున్నారో మీకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. అది చెప్పమంటోంది."

వోఫా ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. రోడ్డు మీద ట్రోట్రో వ్యాను ఒకటి హారన్ కొట్టుకుంటూ పోయింది. ఆయన గుడ్డ భుజం మీదకి లాక్కున్నాడు. వంశ తగవులు తీర్చేటప్పుడు అలాగే లాక్కుంటాడు.

"పేటలో ఒక మనిషున్నాడు," అన్నాడు. "పేరెందుకులే. ఆయన సోమవారం ఒకటేసుకుంటాడు. మళ్లీ గురువారం. శనివారం కార్యం ఉంటే మర్చిపోతాడు, లేదా మర్చిపోయాననుకుంటాడు."

"ఎందుకలా అని అడుగుతోంది," అంది ఫ్రెమా. ఎసినామ్ నోరు కూడా విప్పలేదు.

"ఖరీదు. ఇంకెందుకు?" ఆ మాట ఆయన గోడకేసి చెప్పాడు. "ఖరీదైంది కాబట్టి మంచిదనుకున్నాడు. మంచిది కాబట్టి ఒకటి మూడ్రోజులొస్తదనుకున్నాడు. ఆ మనిషి మూర్ఖుడు కాదు, లారీలు నడిపినవాడు. డీజిలు పొదుపు చెయ్యడం తెలుసు."

అప్పుడు ఎసినామ్ మెల్లగా అంది, "ఆ పెద్దాయనకి ఎవరైనా రెట్టింపు మోతాదు, పైన ఇంకో మందు రోజూ మింగిస్తే నేల మీద పడిపోతాడు వోఫా. ఆయన బీపీ మందుకి లొంగక పెరగలేదు, మందు లోపలికి వెళ్లక పెరిగింది. రోజుకి ఒక్కటి చాలు. ఇక్కడి బిళ్లే చాలు. రెండింట్లో ఉన్న మందు ఒకటే."

"ఒకటేనా?"

"ఒకటే."

వోఫా ముందుకి వంగాడు. "మీ అమ్మకి బీపీ ఉందా డాక్టరమ్మా?"

"ఉంది."

"ఏది వేసుకుంటది?"

ఎసినామ్ ఫ్రెమా వైపు తిరిగింది. ఫ్రెమా కూడా ఆమె వంకే చూస్తోంది, ఈ ప్రశ్న ఆమె నేర్పించిన వాటిలో లేదు. అబద్ధం చెప్పడానికి ఆ పిల్లకి వీలుంది. ఎవరు వెళ్లి హోలో చూడొచ్చారు?

"బయటిది," అంది. "నీలం పెట్టె. మా నాన్న కొంటాడు. రెండూ ఒకటేనని నేను పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నాను. ఇంటికెళ్లి అమ్మకి ఎప్పుడూ చెప్పలేదు. మా తరగతిలో ఎవరూ చెప్పి ఉండరు. ఎందుకో నేను ఇంతవరకూ ఆలోచించలేదు."

వోఫా నవ్వడం మొదలుపెట్టాడు, భుజాలు కదిలేలా, దగ్గొచ్చేదాకా నవ్వాడు. "చూశావా ఫ్రెమా? ఆ పేట మనిషి ఒక్కడే కాదన్నమాట."

"కాదు వోఫా."

"సరే. ఆ మనిషికి నేను చెప్తాను. ఇక్కడి బిళ్లే, రోజూ ఒకటి. ఈ అమ్మాయి వారానికోసారి వచ్చి నా చెయ్యి పట్టుకుని చూడొచ్చు. ఆయన బీపీ నా చేతిలో తెలుస్తది."

ఎసినామ్ ఆసుపత్రికి వెళ్లి డాక్టర్‌తో మాట్లాడి చీటీ మార్పించింది. ఎలా తెలిసిందని డాక్టర్ అడిగితే, "అడగడం నేర్చుకున్నాను" అందట. తర్వాత నలభై ఇళ్లూ మళ్లీ తిరిగింది. గుమ్మంలో నిలబడలేదు. ప్రతి ఇంట్లో నీళ్లు తాగింది, రెండు ఇళ్లలో ఫుఫు తినమని కూర్చోబెట్టారు, తినొచ్చింది. 'నువ్వు' అని ఎవర్నీ అడగలేదు, 'ఈ పేటలో ఒక మనిషి' అనే అడిగింది. ఆ మనిషి ముప్పై నాలుగు ఇళ్లలో ఉన్నాడు, నీలం పెట్టె లేని మూడిళ్లలో కూడా. ప్రొఫెసర్‌కి ఫోన్ చేసి ముందు చెప్పింది తప్పని చెప్పింది. ఆయనకి మొదట చిరాకొచ్చింది, తర్వాత అడిగిన పద్ధతి మొత్తం రాసి పంపమన్నాడు. ఆ కాగితంలో ఫ్రెమా పేరు లేదు. అడిగి మరీ తీయించేసింది ఫ్రెమా.

వోఫా బీపీ రెండో వారానికి నూట అరవైకి, ఐదో వారానికి నూట ముప్పై ఎనిమిదికి దిగింది. "ఆ మనిషికి కులాసాగా ఉందా?" అని ఎసినామ్ ప్రతివారం అడిగేది. "మెట్లెక్కుతున్నాడు. ఆయాసం లేదు. భార్యతో దెబ్బలాటకి కూడా ఓపికొచ్చింది," అని వోఫా చెప్పేవాడు. వెళ్లిపోయే రోజు ఆ పిల్ల షాపుకొచ్చి తెల్ల పెట్టె ఒకటి కొనుక్కుంది, అమ్మకట.

"నీలం పెట్టెలో వేసివ్వనా?" అని అడిగింది ఫ్రెమా.

"వద్దు ఆంటీ," అంది ఎసినామ్. నవ్వుతూనే ఉంది గాని కళ్లు తడిశాయి. ఫ్రెమా కౌంటర్ దాటి బయటికొచ్చి ఆమెను దగ్గరికి తీసుకుంది. అలా కౌంటర్ దాటి రావడం మేం అంతకు ముందు ఎప్పుడూ చూడలేదు.

విద్యార్థులు పోయాక ఉచితం కూడా పోయింది. ఇక వోఫా తన డబ్బుతో కొనుక్కోవాలి, అసలు పరీక్ష అదే. మొదటి వారం ఆయన రాలేదు. రెండో వారమూ రాలేదు. ఫ్రెమా నీలం పెట్టెల సంచి పారేయలేదు, బయటికీ తీయలేదు. ఆయన మళ్లీ సందు చూసుకుని వచ్చి నాలుగడిగితే ఏం చెయ్యాలా అని ఆలోచిస్తూనే ఉంది. పెట్టె ఇవ్వనంటే ఆయన పక్క షాపుకి పోతాడు. ఇస్తే మొదటికొస్తుంది.

ఆయన సంత రోజు వచ్చాడు. సందు చూసుకుని కాదు, నడి మధ్యాహ్నం, కౌంటర్ ముందు పదిమంది ఉన్నప్పుడు. టైలరు కొంఫో ఉన్నాడు, హెడ్మాస్టరు ఉన్నాడు, వెల్లుల్లి ముసలమ్మ బుట్ట కింద పెట్టుకుని కూర్చుంది. వంశ పెద్దని చూసి అందరూ తప్పుకుని దారిచ్చారు. ఫ్రెమా అలవాటు కొద్దీ కత్తెర అందుకుంది.

వోఫా జేబులోంచి నీలం పెట్టె తీసి కుడిచేత్తో కౌంటర్ మీద పెట్టాడు. మూలలు అరిగి, వెండి గీత చెదిరిపోయింది.

"ఇది నీదే ఫ్రెమా, తీసుకో," అన్నాడు. తగవు తీర్పు చెప్పే గొంతు అది, వీధి అవతలకి కూడా వినిపించింది. "నాకు మన బిళ్లలియ్యి. తెల్ల పెట్టెవి. ముప్పై."

"ముప్పయ్యా వోఫా?"

"నెలకి ముప్పై రోజులు కదా. బయటివి పదికి పెట్టే డబ్బుతో ఇవి ముప్పై వచ్చి, పైన చేపలు కూడా వస్తున్నయ్. రెండు వారాలు కూర్చుని ఆలోచించాను, ఇంకో లెక్క తేలలేదు."

ఫ్రెమా మూడు నిండు షీట్లు తీసింది. కోయడానికేమీ లేదు. చేతిలో కత్తెర ఏం చెయ్యాలో ఒక్క క్షణం తెలియలేదు, తర్వాత దాన్ని సొరుగులో పెట్టేసింది. షీట్లు తెల్ల పెట్టెలో పెట్టి రెండు చేతుల్తో ఇచ్చింది. వోఫా దాన్ని అందరికీ కనిపించేలా పట్టుకుని, మెట్లు దిగి, తీరుబడిగా సంతలోకి నడిచి వెళ్లాడు.

వెల్లుల్లి ముసలమ్మ మోకాళ్లు పట్టుకుని లేచి, "నాకూ అయ్యే ఇయ్యి మామె," అంది. "ఇవాళ ఆరుకే డబ్బులున్నయ్. కవర్లో ఏసియ్యి, పర్లేదు."

ఫ్రెమా సొరుగు తెరిచి కత్తెర మళ్లీ తీసింది. పేరు లేని చివర నుంచి ఆరు కోసి కాగితం కవర్లో వేసింది.